ఒక మూలం, పలు ప్రతులు: మన ఆలయ ధ్వనిముద్రికల సంరక్షణ

(వార్షికోత్సవ సందర్భమున యువజన సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలో కంప్యూటర్ ఫైళ్ళను గురించి ప్రసంగమేమిటని కొందరికి ఆశ్చర్యం కలిగి ఉండవచ్చు. నాకు అప్పగించిన అంశం సంగీతం. నాకు పాడటం రాదు. పాడినవారి గొంతులను దాచే పని మాత్రం ఇరవై ఏళ్ళకు పైగా చేస్తున్నాను. ఆ పనిలో ఒక పెద్ద పొరపాటు కూడా చేశాను. దానితోనే ఆరంభిస్తాను.

ఈ ఆలయం లేని రోజులలో మనవారు నెలకొకసారి ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో చేరి భజన చేసేవారు. హార్మోనియం ముందు ఒక టేప్ రికార్డర్ పెట్టేవారు. ఎవరు పెట్టేవారో, ఎందుకు పెట్టేవారో అప్పుడు ఎవరూ ఆలోచించలేదు. తరువాత త్యాగరాజ ఆరాధనలు, సంక్రాంతి సభలు, శంకుస్థాపన నాటి వేదపఠనం, అన్నీ అలాగే క్యాసెట్లలోకి చేరాయి. తొంభై నిమిషాల క్యాసెట్లు నూటఇరవై పోగయ్యాయి. అంటే నూటఎనభై గంటల ధ్వని.

2002లో వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే బాధ్యత నాకు అప్పగించారు. నా కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్ అప్పుడు 40 జీబీలు. సీడీ నాణ్యతతో దాచాలంటే గంటకు సుమారు 635 ఎంబీలు కావాలి, నూటఎనభై గంటలకు 114 జీబీలు. అంత చోటు నాకెక్కడిది? కాబట్టి అన్నింటినీ సెకనుకు 32 కిలోబిట్ల ఎంపీత్రీలుగా మార్చాను. నూటఎనభై గంటలూ నాలుగు సీడీలలో ఇమిడిపోయాయి. కార్యవర్గ సమావేశంలో ఆ నాలుగు సీడీలను చేతిలో పట్టుకొని చూపిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. మరుసటి సంవత్సరం బేస్‌మెంట్ తేమ పట్టింది. క్యాసెట్ల పెట్టెలు బూజెక్కాయి. ‘పారవేయవచ్చునా’ అని అడిగితే, ‘కంప్యూటర్‌లో ఉన్నాయి కదా’ అని ఒకరు అన్నారు. ఆ మాట అన్నది నేనే.

కొన్నేళ్ళ క్రితం ఒక సోదరి నా వద్దకు వచ్చింది. ఆమె తల్లిగారు తొలినాటి భజనలలో చివర మంగళహారతి పాడేవారు. ఇప్పుడు ఆమె లేరు. కూతురి పెళ్ళిలో హారతి వేళ అమ్మ గొంతు వినిపించాలని ఆ సోదరి కోరిక. ఫైలు వెతికి ఇచ్చాను. విని, ‘అంకుల్, పాట అమ్మదే, గొంతు నీళ్ళలోనుంచి వస్తున్నట్టుంది’ అన్నది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకొని విన్నాను. ఆమె చెప్పింది నిజమే. తంబురా ఉన్నదో లేదో తెలియటం లేదు. ‘స’కారాలు ఉమ్మివేసినట్టున్నాయి. చప్పట్లు, తాళాలు అన్నీ ఒకే ముద్ద.

నేను ఏం పారేశానో ఆ రోజు నాకు అర్థమైంది.

యువతీయువకులారా, కంప్యూటర్ సంగతులు మీకు నాకన్నా బాగా తెలుసు. అయినా ఫోన్‌లో తట్టగానే పాట వచ్చే కాలంలో పెరిగినవారు గనుక ఈ ఫైళ్ళ లోపల ఏమి జరుగుతుందో చూసే అవసరం మీలో చాలామందికి కలిగి ఉండదు. రెండు మాటలలో చెబుతాను.

సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా రాస్తారు. ఎంపీత్రీ ఈ సంఖ్యలను యథాతథంగా దాచదు. మనిషి చెవి వినలేదనుకున్న దానిని తీసివేస్తుంది. పెద్ద శబ్దం పక్కన ఉన్న చిన్న శబ్దం మన చెవికి ఆనదు కాబట్టి దానిని వదిలివేసినా తెలియదన్నది దాని లెక్క. తగినంత బిట్‌రేటు ఇస్తే ఆ లెక్క చాలావరకు నిజమే. ఎంపీత్రీని నేను తిట్టటం లేదు, కారులో నేను వినేదీ అదే. కానీ బిట్‌రేటు పిసినారితనంగా తగ్గించినప్పుడు మొదట బలి అయ్యేది పెద్ద గొంతు వెనుక ఉన్న సన్నని ధ్వనులు. మన సంగీతంలో గొంతు వెనుక సన్నగా ఉండేది తంబురా! పైగా నేను చోటు కలిసివస్తుందని కొలతల సంఖ్యను కూడా సగానికి, 22,050కి తగ్గించాను. అందువల్ల పదకొండు వేల హెర్ట్జ్‌లకు పైనున్న ధ్వని ఏదీ ఆ ఫైళ్ళలో లేదు. తాళపు చిప్పల గణగణలో మెరుపంతా పైభాగానిదే.

నష్టరహిత సంపీడనం, అంటే మీరు లాస్‌లెస్ అని పిలిచేది, మరో దారిలో నడుస్తుంది. వాటిలో ప్రసిద్ధమైనది ఫ్లాక్. జాష్ కోల్సన్ అనే ప్రోగ్రామరు దీనిని రూపొందించగా, 2001లో తొలి పూర్తి రూపం విడుదలైంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2024 డిసెంబరులో ఇంటర్నెట్ ప్రమాణాలను రాసే ఐఈటీఎఫ్ దీనిని ఆర్‌ఎఫ్‌సీ 9639గా ప్రచురించింది. అంటే ఇవాళ్టి ప్రోగ్రాములన్నీ మాయమైనా, ఆ పత్రం చదివి మీ మనుమలు ఈ ఫైళ్ళను విప్పగలరు.

ఫ్లాక్ చేసే పనిని కచేరీలో ముందు వరుసలో కూర్చున్న రసికునితో పోల్చవచ్చు. గాయకుడు ఇంతవరకు పాడినదానిని బట్టి తరువాత ఏ స్వరం వస్తుందో ఆయన ఊహిస్తూ ఉంటాడు. ఫ్లాక్ కూడా వెనుకటి కొలతలను చూసి తరువాతి కొలత ఎంత ఉంటుందో అంచనా వేస్తుంది. అసలు కొలతకు, అంచనాకు మధ్య ఉన్న తేడాను మాత్రమే రాసుకుంటుంది. అంచనా బాగుంటే తేడా చిన్న సంఖ్య, చిన్న సంఖ్యకు చిన్న చోటు చాలు. విప్పేటప్పుడు అదే అంచనాను మళ్ళీ వేసి, దానికి తేడాను కలుపుతుంది. ఒక్క బిట్టు కూడా తేడా రాకుండా మొదటి సంఖ్యలే తిరిగి వస్తాయి. పాటను బట్టి ఫైలు పరిమాణం సగానికి దగ్గరగా తగ్గుతుంది. ఫ్లాక్‌లో 0 నుంచి 8 వరకు స్థాయిలున్నాయి. చాలామంది 8 అంటే ఎక్కువ నాణ్యత అనుకుంటారు. కాదు. అన్ని స్థాయిలలోనూ ధ్వని ఒక్కటే. కంప్యూటర్ ఎంత శ్రమించి ఎంత చిన్న మూట కడుతుందన్నదే తేడా.

ఆ సోదరి సంగతి విన్న ఒక కాలేజీ విద్యార్థి, మన కుర్రవాడే, ఎంతో శ్రద్ధతో నా ఎంపీత్రీలన్నింటినీ ఒక్క రాత్రిలో ఫ్లాక్‌గా మార్చి తెచ్చాడు. ‘ఇప్పుడన్నీ లాస్‌లెస్ అయ్యాయి’ అన్నాడు. ఫైళ్ళు ఐదారు రెట్లు పెరిగాయి. ధ్వని వెంట్రుకవాసి కూడా మారలేదు. మారదు. ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రాములో స్పెక్ట్రోగ్రామ్ తెరిచి చూపించాను. పదకొండు వేల హెర్ట్జ్‌ల వద్ద కత్తితో కోసినట్టు రంగు ఆగిపోయి, ఆ పైనంతా నలుపు. ఫ్లాక్ తనకిచ్చిన దానిని పోగొట్టదు, తనకివ్వని దానిని తేలేదు. ఆ కుర్రవాడి మనసు నొచ్చుకుంది. నాకూ బాధ కలిగింది, ఎందుకంటే తప్పు అతనిది కాదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. తాళ్ళపాక కవుల సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద శతాబ్దాల పాటు పదిలంగా ఉన్నాయి. సాహిత్యం దక్కింది, రాగం పేరు కూడా దక్కింది. పాడిన వరుస మాత్రం రేకు మీద లేదు. అందువల్ల రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు ఎన్నో కీర్తనలకు తిరిగి వరుసలు కట్టవలసి వచ్చింది. అవి అందమైన వరుసలే, మనం ఈనాడు ఆనందంగా పాడుకుంటున్నాము. కానీ అన్నమయ్య పాడిన వరుస ఏదో ఎవరూ చెప్పలేరు. రాగిరేకు ఎంత గట్టిదైనా, దాని మీదికి ఎక్కనిది దానిలో దొరకదు. నా నాలుగు సీడీలు గుర్తుకు వచ్చినప్పుడల్లా నాకు ఆ రేకులు గుర్తుకు వస్తాయి.

భగవదనుగ్రహమో, మనవారి పొదుపరితనమో, గత సంవత్సరం ఒక సభ్యుని గరాజ్ ఖాళీ చేస్తుండగా ఒక అట్టపెట్టె బయటపడింది. అందులో నలభై ఒక్క క్యాసెట్లు. ఎప్పుడో ఇంటికి తీసుకువెళ్ళి, కాపీ చేసుకొని, తిరిగి ఇవ్వటం మరచిపోయినవి. మన లైబ్రరీ కార్డు గడువు దాటి ఇరవై ఏళ్ళైంది గాని, ఇంత సంతోషంగా జరిమానా మాఫీ చేసిన సందర్భం మరొకటి లేదు!

ఈసారి పని ఎలా చేస్తున్నామో చెబుతాను. ఇళ్ళలో తాతమ్మల క్యాసెట్లు ఉన్నవారికి ఇది పనికివస్తుంది.

క్యాసెట్‌ను యంత్రంలో పెట్టకముందు దాని పై అంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ బిళ్ళలను విరిచివేయండి. అవి విరిగితే పొరపాటున రికార్డు మీట నొక్కినా పాట చెరగదు. టేపు నడిచే వేగం తప్పక చూసుకోవాలి. వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి సుమారు అరస్వరం పెరుగుతుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడిన అమ్మగారు రెండు శ్రుతిలో వినిపిస్తారు, గొంతు కూడా చిన్నపిల్ల గొంతవుతుంది. హార్మోనియం వినిపిస్తే దానితో సరిచూసుకోవచ్చు. యంత్రపు హెడ్ పక్కన ఒక చిన్న మర ఉంటుంది. అది రికార్డు చేసిన యంత్రపు కోణానికి కుదరకపోతే ధ్వని మసకబారుతుంది. దానిని వెంట్రుకవాసి తిప్పుతూ, ‘స’కారాలు తేటపడేవరకు వినాలి. ఈ ఒక్క సర్దుబాటు తరువాత చేసే పది మార్పులకన్నా మేలు చేస్తుంది.

రికార్డు చేసేటప్పుడు 24 బిట్లు, 48,000 కొలతలు పెట్టుకుంటున్నాము. ధ్వని నిలయాల అంతర్జాతీయ సంఘం ఐఏఎస్ఏ చెప్పే కనీస స్థాయి అదే. మీటరు ముల్లు మైనస్ ఆరు డెసిబెళ్ళు దాటకుండా చూస్తాము. నెత్తికి తగిలి తెగిన ధ్వనిని తరువాత ఎవరూ అతికించలేరు. తొంభై నిమిషాల టేపుకు తొంభై నిమిషాలూ కూర్చోవలసిందే, దగ్గర దారి లేదు. వేవ్ ఫైలుగా రికార్డు చేసేవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. సాధారణ వేవ్ ఫైలు 4 జీబీలు దాటలేదు. మనం పెట్టిన స్థాయిలో ఒక టేపుకు ఇబ్బంది లేదు గాని, 96,000 కొలతలు పెట్టి పూర్తి రాత్రి అఖండ భజన రికార్డు చేయబోతే రెండు గంటలకే హద్దు వస్తుంది.

ఈ మొదటి ఫైలును ఏ శుద్ధీ చేయకుండా ఫ్లాక్‌గా మారుస్తాము. దానికి మూలప్రతి అని పేరు పెట్టాము. గర్భాలయంలోని మూలవిరాట్టును ఊరేగించరు, ఊరేగటానికి ఉత్సవమూర్తి వేరుగా ఉంటాడు. అలాగే మూలప్రతిని ఎవరూ దిద్దరు, ఫోన్‌లోకి ఎక్కించరు. విద్యుత్తు గుంయి శబ్దం తీసివేయటం, దగ్గులు కోయటం, పాటలు విడివిడిగా కత్తిరించటం, ఇవన్నీ నకలు మీదనే. శుద్ధి చేసే ప్రోగ్రాములు ఏటేటా మెరుగవుతున్నాయి. ఇవాళ నేను తొందరపడి తీసిన గుంయితోపాటు తంబురా కూడా పోతే, రేపటి మెరుగైన ప్రోగ్రాముకు ఇవ్వటానికి నా దగ్గర ఏమీ మిగలదు.

మూలప్రతి నుంచి అవసరాన్ని బట్టి ప్రతులు తీస్తాము. ఐఫోన్ మ్యూజిక్ లైబ్రరీలో పెట్టుకునేవారికి ఆపిల్ వారి ఆలాక్ ఉన్నది. వారి మ్యూజిక్ ప్రోగ్రాము ఫ్లాక్‌ను లోపలికి రానివ్వదు. ఆలాక్ కూడా నష్టరహితమే, 2011 నుంచి దానిని కూడా అందరికీ తెరిచారు. ఫ్లాక్ నుంచి ఆలాక్‌కు, ఆలాక్ నుంచి ఫ్లాక్‌కు పదిసార్లు మార్చినా ధ్వని చెక్కుచెదరదు. అయితే రెండు చోట్ల కాలు జారుతుంది. మార్చేటప్పుడు ప్రోగ్రాము అడగకుండానే 24 బిట్లను 16 చేయవచ్చు. పేరు లాస్‌లెస్సే, కానీ అక్కడ కొంత పోయింది. రెండవది, ఆలాక్ ఫైలుకు, నష్టంతో కూడిన ఏఏసీ ఫైలుకు చివర ఒకే ‘ఎం ఫోర్ ఏ’ తోక ఉంటుంది. తోక చూసి నమ్మకండి, ఫైలు వివరాలు తెరిచి కోడెక్ పేరు చూడండి. విండోస్‌లో ఫూబార్ 2000, ఏ కంప్యూటర్‌లోనైనా ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఈ పని చేసిపెడతాయి.

కారులో వినేవారికి 256 కిలోబిట్ల ఎంపీత్రీ. ఆ ఎంపీత్రీని ఎవరైనా ఇంకా చిన్నది చేయాలంటే దానినుంచి చేయవద్దు, మళ్ళీ మూలప్రతి దగ్గరికి రావాలి. నకలుకు నకలు తీసినకొద్దీ నష్టం మీద నష్టం పేరుకుంటుంది. నీరు కొండ మీదినుంచి కిందికి పారినట్టు ప్రతులు మూలం నుంచే దిగాలి, తిరిగి పైకి ఎక్కరాదు.

మరి మూలప్రతి మారలేదని ఎలా తెలుస్తుంది? మన పెద్దలు వేదాన్ని రాతలో కాక గొంతులో దాచారు. పదపాఠమని, క్రమమని, జటయని, ఘనయని అవే పదాలను ముందుకు వెనుకకు కలిపి వల్లెవేయించారు. ఒక్క స్వరం తప్పినా ఏదో ఒక పాఠంలో పొసగక పట్టుబడేది. ఫ్లాక్ ఫైలులో దానికి సమానమైన ఏర్పాటు ఉన్నది. మూటకట్టక ముందు ఉన్న ధ్వని మొత్తానికి ఎండీ5 అనే ముద్రను లెక్కించి ఫైలు మొదట్లోనే రాస్తుంది. టెస్ట్ అనే ఆజ్ఞ ఇస్తే మూట విప్పి, లెక్క తిరిగి వేసి, ముద్రతో సరిచూస్తుంది. ఒక్క బిట్టు మారినా చెబుతుంది. మనం ఏటా వైకుంఠ ఏకాదశి నాడు ఈ పరీక్ష చేయాలని నిర్ణయించుకున్నాము. తిథి పెట్టుకుంటే మరచిపోమని. ముద్ర తప్పు పట్టుకోగలదే గాని దిద్దలేదు కాబట్టి మూడు నకళ్ళు ఉంచుతున్నాము. ఒకటి ఆలయంలో, ఒకటి నా ఇంట్లో, ఒకటి వేరే రాష్ట్రంలో ఉన్న సభ్యుని ఇంట్లో. నలభై ఒక్క క్యాసెట్లూ కలిపి 64 జీబీలు దాటవు. మీ జేబులోని ఫోన్‌లో అంతకన్నా చోటున్నది. నేను 2002లో లేదనుకున్న చోటు అది.

ఇంతవరకు చెప్పినది యంత్రాల సంగతి. అసలు కష్టం మరొకచోట ఉన్నది.

పదహారవ క్యాసెట్‌లో ఒక పెద్దాయన ఏడు నిమిషాల పాటు శ్లోకం చదివారు. ఎంత గంభీరమైన గొంతు! ఎవరో తెలియదు. మూలప్రతి ఉన్నది, ముద్ర సరిపోయింది, మూడు చోట్ల నకళ్ళు ఉన్నాయి, పేరు లేదు. ఫ్లాక్ ఫైలులో గాయకుల పేరు, రాగం, తాళం, తేదీ, ఎవరి ఇల్లు, ఇవన్నీ రాసుకునే గడులుంటాయి. గడి శీర్షిక ఇంగ్లీషు అక్షరాలలో ఉండాలి గాని, లోపల తెలుగు లిపిలో ఎంతైనా రాయవచ్చు. తెలుగులోనే రాయమని నా మనవి. ఇంగ్లీషు అక్షరాలలో త్యాగరాజస్వామి పేరునే మన ఫైళ్ళలో నాలుగు విధాలుగా రాశాము, వెతికితే ఒకటి దొరికి మూడు దొరకవు. కారు ప్రతులకు మాత్రం ఇంగ్లీషు అక్షరాలు పెడుతున్నాము, చాలా కార్ల తెరలు తెలుగును ఖాళీ గడులుగా చూపుతాయి. క్యాసెట్ అట్ట మీది చేతిరాతను ఫోటో తీసి దానిని కూడా ఫైలులోనే పొదుగుతున్నాము. కొన్ని అట్టల మీద ‘రావుగారింట్లో, మంచు’ అని మాత్రమే ఉన్నది. ఏ రావుగారు? ఏ సంవత్సరపు మంచు?

అది చెప్పగలవారు ఈ సభలో వెనుక వరుసలలో ఉన్నారు. వారికి ఫైళ్ళ సంగతి తెలియదు. మీకు ఆ గొంతుల సంగతి తెలియదు. నలుగురైదుగురు పెద్దలు మాత్రమే ఇప్పుడు ఆ గొంతులను గుర్తుపట్టగలరు. పోయిన చలికాలంలో మరో ఇద్దరు ఉండేవారు.

ఆ మంగళహారతి సంగతి చెప్పి ముగిస్తాను. గరాజ్‌లో దొరికిన పెట్టెలో ఆ క్యాసెట్ ఉన్నది. తొలి అధ్యక్షులవారి స్వాగతోపన్యాసం లేదు, శంకుస్థాపన వేదపఠనం లేదు. అవి ఇక నా నాలుగు సీడీలలో ఉన్నట్టే ఉంటాయి. హారతి మాత్రం దొరికింది. పెళ్ళి అప్పటికే అయిపోయింది. అయినా ఆ సోదరిని పిలిచి మూలప్రతి వినిపించాను. రెండో చరణంలో సన్నగా గలగలమని ఏదో శబ్దం వస్తున్నది. నేను దానిని టేపు లోపమనుకొని నకలులో తీసివేద్దామనుకున్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, ‘అది అమ్మ గాజులు అంకుల్, పళ్ళెం తిప్పుతున్నది’ అన్నది.

ఆ ఫైలులోని వివరాల గడిలో ఆ సంగతి రాశాము, తెలుగులోనే.

వచ్చే శనివారం సత్యనారాయణవ్రతం ముగిసి భోజనాలు అయిన తరువాత కింది హాలులో రెండు బల్లలు, నాలుగు హెడ్‌ఫోన్లు, ఒక లాప్‌టాప్ పెడుతున్నాము. ఒక్కొక్క పెద్దవారి పక్కన ఒక్కొక్క యువతిగాని యువకుడుగాని కూర్చోవాలి. వారు విని చెబుతారు, మీరు టైపు చేయాలి. తెలుగు టైపింగ్ రానివారికి పది నిమిషాలలో నేర్పుతాను. పదహారవ క్యాసెట్‌తో మొదలుపెడదాము.